అన్‌ఎక్స్‌పాండ్ కమాండ్ కొన్ని లైన్లనే ట్యాబ్‌లుగా మారుస్తోంది, ఎందుకు?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. లైన్లను నాలుగేసి స్పేస్‌లతో లోపలికి జరిపి (ఇండెంట్ చేసి) సీ భాషలో రాసిన ప్రాజెక్టు ఒకటి మీ చేతికి వచ్చింది, దానిని ట్యాబ్‌లకు మార్చాలి. లైనక్స్ టెర్మినల్‌లో, స్పేస్‌లను ట్యాబ్‌లుగా మార్చే అన్‌ఎక్స్‌పాండ్ కమాండ్ నడిపితే కొన్ని లైన్లకు ట్యాబ్ వచ్చింది, కొన్ని లైన్లలో స్పేస్‌లే మిగిలాయి, ఎడిటర్‌లో తెరిచి చూస్తే మొదటి స్థాయి ఇండెంటేషనూ రెండో స్థాయి ఇండెంటేషనూ ఒకే చోట మొదలవుతున్నట్టు కనిపించాయి. పైగా ఫలితాన్ని అదే ఫైలులోకి మళ్లించినప్పుడు ఫైలు మొత్తం ఖాళీ అయిపోయింది.

సూటి సమాధానం ముందు చెబుతాను. ట్యాబ్ వెడల్పు ఎంతో చెప్పాలి, లైను మొదట్లో ఉన్న ఖాళీలను మాత్రమే మార్చమని విడిగా చెప్పాలి, ఫలితాన్ని వేరే ఫైలులోకి పంపాలి. కమాండ్ ఇది:

`అన్‌ఎక్స్‌పాండ్ --ఫస్ట్-ఓన్లీ -టి 4 పాతది.సి > కొత్తది.సి`

కమాండ్లను నేను పలికే తీరులో తెలుగులో రాస్తున్నాను. మీరు టైపు చేసేటప్పుడు వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాలలోనే కొట్టాలి. ఎక్కడైనా పెద్ద అక్షరం కావలసి వస్తే అక్కడే చెబుతాను.

ఇప్పుడు కారణాలు. ఏ ఆప్షనూ ఇవ్వకపోతే అన్‌ఎక్స్‌పాండ్ ట్యాబ్ స్టాపులు, అంటే ట్యాబ్ వెళ్లి ఆగే స్థానాలు, ప్రతి 8 కాలమ్‌లకు ఒకటి ఉన్నాయని అనుకుంటుంది. మీ ఫైలులో మొదటి స్థాయికి 4 స్పేస్‌లు ఉన్నాయి. అవి 8వ కాలమ్‌ను చేరవు కాబట్టి అలాగే మిగిలిపోతాయి. రెండో స్థాయిలోని 8 స్పేస్‌లు సరిగ్గా ఒక ట్యాబ్ అవుతాయి. మూడో స్థాయిలోని 12 స్పేస్‌లు ఒక ట్యాబ్, దాని వెనుక 4 స్పేస్‌లు అవుతాయి. ఇలా తయారైన ఫైలును ట్యాబ్ వెడల్పు 4గా పెట్టుకున్న ఎడిటర్‌లో తెరిచారు. మొదటి స్థాయి 4 స్పేస్‌ల తర్వాత మొదలవుతుంది, రెండో స్థాయి ఒక ట్యాబ్ తర్వాత, అంటే అదీ 4 కాలమ్‌ల తర్వాతే మొదలవుతుంది. మీకు రెండూ ఒకే చోట కనిపించింది అందుకే. కమాండ్ తప్పు చేయలేదు, దానికి తెలిసిన వెడల్పు వేరు, మీ ఎడిటర్‌కు తెలిసిన వెడల్పు వేరు. ఇదే పని పైథాన్ ఫైలు మీద చేసి ఉంటే కంటికి వింతగా కనిపించడంతో ఆగేది కాదు. పైథాన్ 3 అలాంటి కలగలుపు ఇండెంటేషన్‌ను అంగీకరించదు, ట్యాబ్ ఎర్రర్ చూపించి ఆగిపోతుంది.

వెడల్పు 4 అని చెబితే చాలు కదా, ఫస్ట్-ఓన్లీ ఎందుకు అని మీకు అనిపించవచ్చు. నా సమాధానంలో అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇదే. హైఫన్ టి ఇచ్చిన మరుక్షణం ఈ కమాండ్ లైను మొదట్లో ఉన్న ఖాళీలకే పరిమితం కావడం మానేస్తుంది. మామూలుగా లైను అంతటా ఉన్న ఖాళీలను మార్చాలంటే హైఫన్ ఏ అనే ఆప్షన్ ఇవ్వాలి. కానీ హైఫన్ టి ఉంటే హైఫన్ ఏ కూడా ఉన్నట్టే లెక్క. ఇది ఏదో ఒక వెర్షన్‌లోని లోపం కాదు, యూనిక్స్ తరహా వ్యవస్థలకు ఉమ్మడి ప్రమాణమైన పోసిక్స్‌లోనే అలా రాసి ఉంది. వెడల్పు మార్చడానికి ఇచ్చే ఆప్షన్ పని జరిగే పరిధిని కూడా మార్చేస్తుందని ఎవరూ ఊహించరు, అందువల్ల మొదటిసారి వాడేవాళ్లలో చాలామంది ఇక్కడే దెబ్బ తింటారు.

దీన్ని కళ్లతో చూడటానికి ఒక్క లైను చాలు. 4 స్పేస్‌లు, ఏ అనే అక్షరం, మళ్లీ 4 స్పేస్‌లు, బి అనే అక్షరం ఉన్న లైనును ప్రింట్‌ఎఫ్ కమాండ్‌తో తయారు చేసి, నిలువు గీత గుర్తుతో అన్‌ఎక్స్‌పాండ్‌కు అందించి (పైపు చేసి), వచ్చినదాన్ని ప్రతి అక్షరాన్నీ విడిగా చూపే ఓడీ -సి తో చూడండి. కేవలం హైఫన్ టి 4 ఇస్తే మొదటి 4 స్పేస్‌లు ఒక ట్యాబ్ అవుతాయి. ఏ అక్షరం 4వ కాలమ్‌లో కూర్చుంటుంది (కాలమ్‌లను సున్నా నుండి లెక్కపెడుతున్నాను). దాని తర్వాత 5, 6, 7 కాలమ్‌లలోని మూడు స్పేస్‌లు 8వ కాలమ్ దగ్గరి స్టాపును చేరతాయి కాబట్టి ఆ మూడూ కలిసి మరో ట్యాబ్ అవుతాయి. మిగిలిన ఒక స్పేస్ అలాగే ఉంటుంది, తర్వాత బి వస్తుంది. ఫస్ట్-ఓన్లీ చేర్చి మళ్లీ నడిపితే మొదటి ట్యాబ్ ఉంటుంది, మధ్యలోని నాలుగు స్పేస్‌లు చెక్కుచెదరకుండా ఉంటాయి.

మధ్యలోని ఖాళీలు మారితే నష్టమేమిటి? కోడ్‌లో పదాల మధ్య ఉన్న ఖాళీలైతే కంపైలర్‌కు పట్టింపు ఉండదు. కానీ కొటేషన్ గుర్తుల మధ్య ఉన్న స్ట్రింగ్‌లలోని ఖాళీలు కూడా ఈ కమాండ్‌కు మామూలు ఖాళీలే, దానికి సీ భాష తెలియదు. నేను ఒకసారి ఒక రిపోర్టు తయారుచేసే ప్రోగ్రామ్ మీద ఫస్ట్-ఓన్లీ లేకుండా ఈ మార్పు చేశాను. ప్రోగ్రామ్ కంపైల్ అయింది, పరీక్షలన్నీ నెగ్గింది. ఆ రిపోర్టును చదివే మరో ప్రోగ్రామ్ మాత్రం ప్రతి లైనులో 20వ అక్షరం నుండి 30వ అక్షరం దాకా కత్తిరించి విలువ తీసుకునేది. స్ట్రింగ్‌లోని 6 స్పేస్‌లు 2 ట్యాబ్‌లు కావడంతో లైను 4 అక్షరాలు కురచ అయింది, విలువలన్నీ పక్కకు జరిగాయి. తెర మీద రిపోర్టు చూస్తే వరుసలు చక్కగానే ఉన్నాయి, ఎందుకంటే ట్యాబ్ కంటికి ఖాళీగానే కనిపిస్తుంది. తప్పు ఎక్కడుందో కనుక్కోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. అప్పటి నుండి హైఫన్ టి రాసే ముందు ఫస్ట్-ఓన్లీ రాయడం అలవాటు చేసుకున్నాను.

ఇక ఫైలు ఖాళీ అయిపోయిన సంగతి. దానికి కారణం అన్‌ఎక్స్‌పాండ్ కాదు, షెల్, అంటే మీరు కొట్టిన కమాండ్లను చదివి నడిపించే ప్రోగ్రామ్. మీరు లైను కొట్టి ఎంటర్ నొక్కగానే షెల్ ముందుగా మళ్లింపు గుర్తు పక్కనున్న ఫైలును రాయడానికి తెరుస్తుంది, తెరవడంలోనే దానిని సున్నా బైట్లకు కుదిస్తుంది. ఆ తర్వాతే అన్‌ఎక్స్‌పాండ్ మొదలవుతుంది, అప్పటికి చదవడానికి అందులో ఏమీ ఉండదు. ఈ కమాండ్‌కు ఉన్న ఫైలులోనే మార్పు చేసే ఆప్షన్ లేదు. కాబట్టి తాత్కాలిక ఫైలులోకి రాసి, రాయడం విజయవంతమైతేనే పాతదాని స్థానంలోకి తేవాలి. రాసే కమాండ్‌కూ పేరు మార్చే కమాండ్‌కూ మధ్య డబుల్ ఆంపర్‌సాండ్ (&&) పెట్టడం ఇందుకే, మొదటిది నెగ్గితేనే రెండోది నడుస్తుంది. మోర్‌యుటిల్స్ ప్యాకేజీలోని స్పాంజ్ అనే పరికరం కూడా ఇదే పని చేస్తుంది. వచ్చేదంతా పీల్చుకున్న తర్వాతే ఫైలులోకి రాస్తుంది. షెల్‌లో నోక్లాబర్ అనే అమరికను ఆన్ చేసుకుంటే ఉన్న ఫైలు మీదికి పొరపాటున మళ్లించబోయినప్పుడు షెల్ ఒప్పుకోదు. ఫైళ్లతో రోజంతా పనిచేసేవారు దానిని శాశ్వతంగా పెట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం.

తాత్కాలిక ఫైలును పాత పేరుకు మార్చేటప్పుడు ఒక జాగ్రత్త. ఎంవీ కమాండ్‌తో మార్చితే కొత్త ఫైలు తన సొంత అనుమతులతో వస్తుంది, పాత ఫైలుకు ఉన్న ఎగ్జిక్యూట్ అనుమతి పోతుంది. షెల్ స్క్రిప్టుల గుంపును నేను ఇలా మార్చినప్పుడు మరుసటి ఉదయం ఒక్క స్క్రిప్టు కూడా నడవలేదు. అందుకని స్క్రిప్టుల విషయంలో నేను తాత్కాలిక ఫైలులోని విషయాన్ని క్యాట్‌తో పాత ఫైలులోకే మళ్లిస్తాను. అప్పుడు ఫైలు అదే ఉంటుంది, విషయం మాత్రమే మారుతుంది, అనుమతులూ యజమానీ అలాగే ఉంటాయి.

మార్చిన తర్వాత సరిచూడటం తప్పనిసరి. చాలామంది, కోడ్ మార్పుల చరిత్రను భద్రపరిచే గిట్‌లో తేడాలు చూపే గిట్ డిఫ్ -డబ్ల్యూ నడిపి, తేడాలేమీ కనిపించకపోతే అంతా సవ్యంగా ఉందని అనుకుంటారు. ఆ ఆప్షన్ ఖాళీల తేడాలన్నిటినీ పట్టించుకోదు, అంటే నేను పైన చెప్పిన స్ట్రింగ్‌లోని నష్టాన్ని కూడా అది చూపించదు. ఖాళీల మార్పు తప్ప మరే మార్పూ జరగలేదని మాత్రమే దానివల్ల తెలుస్తుంది. నేను వాడే పరీక్ష వేరు. అన్‌ఎక్స్‌పాండ్‌కు జంటగా ట్యాబ్‌లను స్పేస్‌లుగా మార్చే ఎక్స్‌పాండ్ అనే కమాండ్ ఉంది. లైనక్స్‌లో మామూలుగా ఉండే కమాండ్ల సమాహారమైన గ్నూ కోర్‌యుటిల్స్‌లోని ఎక్స్‌పాండ్‌కు హైఫన్ ఐ ఇస్తే లైను మొదట్లో ఉన్న ట్యాబ్‌లను మాత్రమే మారుస్తుంది. దానితో కొత్త ఫైలును వెనక్కి తిప్పి, పాత ఫైలుతో పోల్చాలి:

`ఎక్స్‌పాండ్ -ఐ -టి 4 కొత్తది.సి | డిఫ్ - పాతది.సి`

పాత ఫైలు ఇండెంటేషన్‌లో ఎక్కడా ట్యాబ్ లేకపోతే ఈ పోలికలో ఒక్క లైను కూడా రాకూడదు. మధ్యలో ఎక్కడైనా స్పేస్‌లు ట్యాబ్ అయి ఉంటే హైఫన్ ఐ దానిని తాకదు కాబట్టి ఆ లైను తేడాగా బయటపడుతుంది. హైఫన్ ఐ మరచిపోతే మధ్యలోని ట్యాబ్‌లు కూడా తిరిగి స్పేస్‌లై, నష్టం మళ్లీ దాక్కుంటుంది. ఈ ఒక్క అక్షరం మీదే పరీక్ష విలువంతా ఆధారపడి ఉంది.

కంటితో చూడాలంటే క్యాట్‌కు పెద్ద అక్షరం ఏ ఇచ్చి నడపండి. ట్యాబ్ ఉన్న ప్రతిచోటా టోపీ గుర్తు, దాని పక్కన పెద్ద అక్షరం ఐ కనిపిస్తాయి, లైను చివర డాలర్ గుర్తు కనిపిస్తుంది. ఆస్కీలో ట్యాబ్ సంఖ్య 9, ఇంగ్లీషు అక్షరమాలలో ఐ తొమ్మిదవ అక్షరం, ఆ గుర్తు అక్కడి నుండి వచ్చింది. ఇలా చూస్తున్నప్పుడు కొన్ని లైన్లు ఎంత ప్రయత్నించినా ట్యాబ్‌లుగా మారకపోవడం మీరు గమనించవచ్చు. వెబ్ పేజీల నుండి కాపీ చేసి అతికించిన కోడ్‌లో ఇది తరచుగా జరుగుతుంది. అక్కడ ఉన్నది మామూలు స్పేస్ కాదు, నాన్-బ్రేకింగ్ స్పేస్ అనే వేరే అక్షరం. మామూలు స్పేస్ ఒకే బైటు, దాని విలువ హెక్సాలో 20. ఇది యూటీఎఫ్-8లో రెండు బైట్లు, సీ2, ఏ0. అన్‌ఎక్స్‌పాండ్ దానిని ఖాళీగా లెక్కించి మార్చదు. ముందు పాఠాన్ని వెతికి మార్చే సెడ్ కమాండ్‌తో వాటిని మామూలు స్పేస్‌లుగా మార్చుకున్న తర్వాతే ఈ పని మొదలుపెట్టాలి.

పాత ఫైలులో ట్యాబ్‌లూ స్పేస్‌లూ ఇప్పటికే కలిసి ఉంటే ఏం చేయాలి? ముందుగా ఆ పాత ట్యాబ్‌లను ఏ వెడల్పు అనుకొని రాశారో కనుక్కోవాలి. అది 8 అయితే ఎక్స్‌పాండ్ -ఐ -టి 8 తో ముందు అన్నిటినీ స్పేస్‌లు చేసి, ఆ ఫలితాన్ని అన్‌ఎక్స్‌పాండ్ --ఫస్ట్-ఓన్లీ -టి 4 కు పైపు చేయాలి. ఒకే కమాండ్‌తో పని ముగించాలని చూస్తే పాత ట్యాబ్‌లను కూడా 4 వెడల్పుగానే లెక్కిస్తుంది, స్థాయిలు తారుమారవుతాయి.

కొన్నిచోట్ల ఒకటి రెండు స్పేస్‌లు మిగిలిపోవడం తప్పు కాదు. 10 స్పేస్‌లు ఉన్న లైను 2 ట్యాబ్‌లు, 2 స్పేస్‌లు అవుతుంది. సీ వ్యాఖ్యలలో నక్షత్రం గుర్తు ముందు ఉండే ఒక స్పేస్ కూడా ఇలాగే మిగులుతుంది, మిగలాలి కూడా.

లైను అంతటా మార్చే హైఫన్ ఏ ను సోర్స్ కోడ్‌కు వాడవద్దని నేను గట్టిగా చెబుతాను. వరుసగా రాసిన అసైన్‌మెంట్లలో సమాన గుర్తులు ఒకే కాలమ్‌లో ఉండేలా స్పేస్‌లు పెట్టారనుకోండి. ఒక లైనులో ఒకే అక్షరం పేరు, దాని తర్వాత 11 స్పేస్‌లు. ఇంకో లైనులో 9 అక్షరాల పేరు, దాని తర్వాత 3 స్పేస్‌లు. రెండింటిలోనూ సమాన గుర్తు 12వ కాలమ్‌లో ఉంది. వెడల్పు 4తో లైను అంతటా మార్చితే మొదటి లైనులో 3 ట్యాబ్‌లు, రెండో లైనులో 1 ట్యాబ్ వస్తాయి. మీ ఎడిటర్‌లో వరుస చెదరదు. కానీ వెడల్పు 8గా పెట్టుకున్న మరొకరు తెరిస్తే మొదటి సమాన గుర్తు 24వ కాలమ్‌కు, రెండోది 16వ కాలమ్‌కు వెళతాయి. స్థాయి చూపడానికి ట్యాబ్, వరుస కుదర్చడానికి స్పేస్ అన్న పద్ధతి పాటిస్తే ఎవరు ఏ వెడల్పు పెట్టుకున్నా కోడ్ చదవడానికి వీలుగా ఉంటుంది. ట్యాబ్‌లకు మారడంలో ఉన్న అసలు లాభం అదే, హైఫన్ ఏ దానిని పోగొడుతుంది.

తెలుగు వంటి లిపులు ఉన్న ఫైళ్లలో హైఫన్ ఏ తో మరో చిక్కు ఉంది. బైట్లనే కాలమ్‌లుగా లెక్కపెట్టే వెర్షన్లలో "తెలుగు" అన్న మాట 18 కాలమ్‌లు ఆక్రమించినట్టు లెక్కకు వస్తుంది, ఎందుకంటే అందులోని మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు ఒక్కొక్కటి 3 బైట్లు. ఆ మాట తర్వాతి ట్యాబ్ స్టాపు లెక్క మొత్తం తప్పుతుంది. లైను మొదటి ఖాళీలకే పరిమితమైతే ఈ చిక్కు రాదు.

కొన్ని ఫైళ్ల జోలికి అసలు వెళ్లకూడదు. అమరికల ఫైళ్లు రాయడానికి వాడే యామల్‌లో ఇండెంటేషన్‌కు ట్యాబ్ నిషిద్ధం, మార్చితే ఫైలు చదవబడదు. పైథాన్‌లో ట్యాబ్‌లు చెల్లుతాయి, కానీ ఆ భాష శైలి నియమావళి అయిన పెప్ 8 స్పేస్‌లనే సూచిస్తుంది. గో భాషలో కోడ్‌ను సర్దే గోఫమ్ట్ అనే పరికరం తానే ట్యాబ్‌లు పెడుతుంది, అక్కడ ఈ కమాండ్ అవసరమే లేదు. షెల్ స్క్రిప్టుల్లో హియర్-డాక్యుమెంట్ (స్క్రిప్టులోనే రాసి కమాండ్‌కు అందించే పాఠం) ఉంటే ఆగి చూడండి. దాని గుర్తు పక్కన హైఫన్ ఉన్నప్పుడు షెల్ లైను మొదటి ట్యాబ్‌లను తీసేస్తుంది, స్పేస్‌లను తీయదు. కావాలని ఉంచిన స్పేస్‌లు ట్యాబ్‌లైతే అవి అవుట్‌పుట్ నుండి మాయమవుతాయి. ఫస్ట్-ఓన్లీ ఇక్కడ కాపాడలేదు, ఎందుకంటే ఆ ఖాళీలు లైను మొదట్లోనే ఉన్నాయి. అనేక లైన్లలో సాగే స్ట్రింగ్‌లు ఉన్న ఏ భాషకైనా ఇదే హెచ్చరిక వర్తిస్తుంది.

ప్రోగ్రామ్‌ను నిర్మించే మేక్ కమాండ్‌కు సూచనలిచ్చే మేక్‌ఫైలు గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మీ ప్రాజెక్టు సీ కాబట్టి అందులో అది ఉండే అవకాశం ఎక్కువ. మేక్‌లో రెసిపీ లైను, అంటే షెల్‌తో నడిపించాల్సిన కమాండ్ ఉన్న లైను, ట్యాబ్‌తోనే మొదలవ్వాలి. స్పేస్‌లు ఉంటే "మిస్సింగ్ సెపరేటర్" అని ఆగిపోతుంది. దీనికి విరుగుడుగా ఫైలంతటి మీదా అన్‌ఎక్స్‌పాండ్ నడపడం అందరికీ తోచే పని, కానీ ఇఫ్‌ఈక్యూ వంటి షరతుల లోపల చూడటానికి బాగుంటుందని స్పేస్‌లతో జరిపి రాసిన వేరియబుల్ అసైన్‌మెంట్లు కూడా అప్పుడు ట్యాబ్‌తో మొదలవుతాయి. అవి ఒక రూల్ తర్వాత వస్తే మేక్ వాటిని రెసిపీలో భాగంగా తీసుకుని షెల్‌కు పంపుతుంది. మేక్‌ఫైళ్లను నేను చేత్తోనే సరిచేస్తాను.

మీరు అడగకపోయినా, ఖాళీలతో వరుసలు కుదిర్చిన పట్టికను ట్యాబ్‌లతో విడదీసిన డేటాగా మార్చడానికి కూడా కొందరు ఈ కమాండ్‌నే ఎంచుకుంటారు. అది ఆ పనికి తగదు. పైన చూసినట్టు ఒక లైనులో రెండు విలువల మధ్య 3 ట్యాబ్‌లు, ఇంకో లైనులో 1 ట్యాబ్ వస్తాయి, ఒకే స్పేస్ ఉన్నచోట అది స్పేస్‌గానే మిగులుతుంది. అలాంటి ఫైలును, ట్యాబ్ ఉన్నచోటల్లా లైనును ఫీల్డులుగా విడదీసే కట్ కమాండ్ చదివితే ఒక్కో లైనులో ఒక్కో సంఖ్యలో ఫీల్డులు కనిపిస్తాయి. విలువల లోపల స్పేస్‌లు లేకపోతే అక్షరాలను మార్చే టీఆర్ కమాండ్‌కు హైఫన్ ఎస్ ఇచ్చి వరుస స్పేస్‌లన్నిటినీ ఒకే ట్యాబ్‌గా మార్చడం సరైన పని. విలువల లోపల ఒక్కో స్పేస్ ఉంటే సెడ్‌తో రెండు లేదా అంతకంటే ఎక్కువ స్పేస్‌లు వచ్చినచోట మాత్రమే ట్యాబ్ పెట్టాలి.

మీ బృందంలో మ్యాక్ వాడేవారు ఉంటే వారి యంత్రంలోని అన్‌ఎక్స్‌పాండ్ బీఎస్‌డీ అనే వేరే యూనిక్స్ వంశానిది, దానిలో ఫస్ట్-ఓన్లీ అనే ఆప్షన్ లేదు. మ్యాక్‌లో ప్యాకేజీలు పెట్టే హోమ్‌బ్రూ ద్వారా కోర్‌యుటిల్స్ పెట్టుకుంటే గ్నూ కమాండ్ పేరు ముందు జీ అక్షరం చేరి దొరుకుతుంది. అనేక కమాండ్లను ఒకే చిన్న ప్రోగ్రామ్‌లో ఇమిడ్చే బిజీబాక్స్ ఉన్న చిన్న కంటైనర్లలో ఈ ఆప్షన్‌కు హైఫన్ ఎఫ్ అనే పొట్టి రూపం కూడా ఉంది.

చివరగా గిట్ చరిత్ర. ఈ మార్పును విడి కమిట్‌గా (గిట్‌లో ఒకసారిగా నమోదు చేసే మార్పుగా) ఉంచండి, అందులో మరే మార్పూ కలపవద్దు. ఏ లైనును ఎవరు మార్చారో చూపే గిట్ బ్లేమ్‌లో ప్రతి లైనూ మీ పేరు మీద కనిపించకుండా ఉండాలంటే హైఫన్ డబ్ల్యూ ఇచ్చి చూడవచ్చు. అంతకంటే మంచిది, 2019లో వచ్చిన గిట్ 2.23 నుండి కొన్ని కమిట్‌లను బ్లేమ్ లెక్కలోకి తీసుకోవద్దని ఒక ఫైలులో రాసిపెట్టే వీలుంది. ఆ ఫైలులో ఈ కమిట్ సంఖ్యను రాసి, ప్రాజెక్టులోనే ఉంచండి. ఎడిటర్లకు ప్రాజెక్టు శైలిని చెప్పే ఎడిటర్‌కాన్ఫిగ్ ఫైలులో ఇండెంట్ శైలి ట్యాబ్ అని అదే రోజు చేర్చండి, లేకపోతే తర్వాత ఆ ఫైళ్లను తెరిచేవారి ఎడిటర్లు మళ్లీ నాలుగేసి స్పేస్‌లు పెట్టడం మొదలుపెడతాయి.